గుమ్మమునొద్ద రాజు
పాఠ్యభాగము: 2 సమూయేలు 18:1 – 19:8

దావీదు తన కుమారుడైన అబ్షాలోము చేతినుండి తప్పించుకొని, యొర్దాను దాటి మహనయీములో ఉండెను. తన జనులను మూడు భాగములు చేసి యోవాబునకును, అబీషైకిని, గిత్తీయుడైన ఇత్తయికిని అప్పగించెను. తానును యుద్ధమునకు వచ్చెదననగా జనులు ఒప్పుకొనలేదు. అప్పుడాయన లోపలికి పోయి కూర్చుండెనా? లేదు. గుమ్మము ప్రక్కన నిలిచి, దాటిపోవు ప్రతి గుంపును సాగనంపెను. ప్రాణము అరచేత పట్టుకొని పోవువానికి తన రాజు ముఖము చూచి పోవుట ఎంత బలమో ఆలోచించుడి.

అబ్షాలోమును కనికరింపవలెనని రాజు అప్పుడే ఆజ్ఞ ఇచ్చెను. దానిని అధిపతుల చెవిలో రహస్యముగా చెప్పలేదు, జనులందరు వినునట్లు చెప్పెను. దాని ఫలమును 18:12లో చూడుడి. అబ్షాలోము మస్తకివృక్షమునకు తగులుకొని వ్రేలాడుట ఒక సామాన్య సైనికుని కంటబడెను. అతని పేరైనను వ్రాయబడలేదు. ఎందుకు చంపలేదు, పది తులముల వెండియు నడికట్టును ఇచ్చియుందునే అని యోవాబు అడిగెను. వెయ్యి తులములు పోసినను రాజకుమారునిమీద చెయ్యి వేయనని వాడు చెప్పెను. రాజు మాట తన చెవులతో విన్నవాడు గనుక సేనాధిపతి యెదుట నిలువగలిగెను. ఆజ్ఞ మీరినవాడు అధిపతియే!

జయము కలిగెను. అయితే రాజు గుమ్మముపైనున్న గదికెక్కి, ముఖము కప్పుకొని, కుమారుని పేరుపెట్టి ఏడ్చుచుండెను. తండ్రి దుఃఖమును మనము తప్పుపట్టరాదు. కాని క్రింద జరిగినదేమి? గెలిచినవారు, యుద్ధమునుండి పారిపోయినవారివలె సిగ్గుపడి దొంగచాటుగా పట్టణములో ప్రవేశించిరి. వారు ఓడిపోలేదు. ఆహారమునకును కొదువ లేదు, బర్జిల్లయి మొదలైనవారు అంతకుముందే తెచ్చియుండిరి. రాజు ముఖము కనబడలేదు, అంతే.

ఈ సంగతి ఎరిగిన సేనాధిపతి యొకడు రెండవ ప్రపంచయుద్ధములో ఉండెను. 1943లో విలియం స్లిమ్ దొర బర్మా సరిహద్దున 14వ సైన్యమునకు అధిపతి ఆయెను. ఆ సైన్యములో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. 1942లో బర్మాలో ఓడి వెనుకకు వచ్చిన దళములును అందులో ఉండెను. ఆయన జీపుమీద నిలిచి దళము వెంబడి దళముతో ముఖాముఖిగా మాటలాడెను; మన సిపాయిలతో ఉర్దూలోను, గూర్ఖాలతో వారి భాషలోను. ముందున్న దళములకు రేషను సగమైనప్పుడు తన ముఖ్యకార్యాలయమునకును సగమే చేసెను. 1944లో ఇంఫాలు, కొహిమాల యొద్ద ఆ సైన్యము జయించెను. విమానములు ఆహారము మోసి తేనియెడల ఎంత మంచి మాటయైనను చాలియుండదు, అదియు నిజమే.

మన గ్రామసంఘములలోను, మందిరపు కప్పు వేయుటకు కూలి మానుకొని వచ్చినవారుందురు. కాపరియో, పెద్దయో తన యింటి దుఃఖములో మునిగి వారితో ఒక మాటైనను ఆడనియెడల, మన పని వారికి ఇష్టము కాలేదేమో అని వారు తలంచుదురు. తరువాతి ఆదివారము వెనుక వరుసలో కూర్చుందురు. ఆ మరుసటి ఆదివారము రారు.

యోవాబు కఠినుడు. అబ్షాలోమును పొడిచినది అతడే. అయినను రాజునొద్దకు పోయి, బయటికి వచ్చి నీ సేవకులను ధైర్యపరచుము, లేనియెడల ఈ రాత్రికి ఒక్కడును నీయొద్ద నిలువడని చెప్పెను. అట్టివాని నోట వచ్చినందున దావీదు ఆ మాటను త్రోసివేయలేదు. లేచి గుమ్మములో కూర్చుండెను. అక్కడ ఆయన ఏమి పలికెనో గ్రంథములో లేదు. రాజు గుమ్మములో కూర్చున్నాడను వర్తమానము జనులకు అందెను, వారందరు ఆయన యెదుటికి వచ్చిరి.