క్రెడిట్ కార్డు: శ్రావకుడు చూడవలసిన మూడు లెక్కలు

వర్తకమునకు మూలము నమ్మకము. నమ్మకమునకు గుర్తు ఖాతా పుస్తకము. వార్ధా లోయ బొగ్గు గనుల నడుమనున్న మాజ్రిలో ఈ మాటను వివరించి చెప్పనక్కరలేదు. గనికార్మికునికి జీతము నెలకొక్కసారి వచ్చును. బియ్యము, పప్పు, నూనె మాత్రము దినదినము కావలెను. ఈ రెంటి నడుమనున్న సందును పూరించునది దుకాణదారుని ఖాతా. దీనినే మరాఠీవారు ఉధారీ యందురు, తెలంగాణమువారు ఉద్దెర యందురు, కోస్తావారు అరువు అందురు. మాజ్రి జంక్షను నుండి వణి మీదుగా ఆదిలాబాదు వైపు పోవు రైలుమార్గము తెలుగుసీమను ఈ ఊరికి కలుపుచున్నది. కావున ఈ మూడు మాటలును ఇచటి అంగళ్లలో వినబడును.

నేడు ఆ ఖాతా పుస్తకపు స్థానమును చిన్న ప్లాస్టిక్ ముక్క యొకటి ఆక్రమించుచున్నది. అదియే క్రెడిట్ కార్డు. ఇది కూడ అరువే. అయితే అరువిచ్చువాడు ఎదుట కూర్చుండడు, మొగము చూడడు, మొగమాటపడడు. మన యువకుల జేబులలో ఇట్టి కార్డులు రెండు మూడేసి యున్నవి. ఏది మంచిదని యడిగినచో, ఎక్కువ పాయింట్లిచ్చునది మంచిదందురు. ఆ జవాబు సరియైనదగునా యని లెక్కవేసి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పుట్టుపూర్వోత్తరములు

1950లో న్యూయార్కునందు డైనర్స్ క్లబ్ అను సంస్థ భోజనశాలలలో చెల్లునట్టి కార్డును ప్రవేశపెట్టెను. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున, అడుగకయే, సుమారు 60,000 కార్డులను ఇండ్లకు తపాలాలో పంపెను. పుచ్చుకొనినవారిలో పలువురు బాకీ తీర్చలేకపోయిరి. అడుగని అప్పు ఎట్టిదో లోకమునకు అప్పుడే తెలిసినది.

మన దేశమున బ్యాంకు కార్డును సెంట్రల్ బ్యాంకు 1980లో తెచ్చెను. మరుసటి సంవత్సరమే, 1981లో, ఆంధ్రా బ్యాంకు తన కార్డును వెలువరించెను. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఈ బ్యాంకు కార్డుల విషయమున దేశమున ముందు వరుసలో నడచుట తెలుగువారికి గర్వకారణము. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

మొదటి లెక్క: రుసుము

కార్డునకు చేరిక రుసుము, సాలుసరి రుసుము అని రెండు విధములు. వీనిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేరును. కొన్ని కార్డులకు రుసుమే లేదు. కొన్నిటికి సంవత్సరములో ఇంత మొత్తము ఖర్చు చేసినచో మాఫీ యగును. మాఫీ కొరకు అక్కరలేని వస్తువు కొనుట, చింతపండు చవుకయని బండెడు కొన్నట్లే యగును.

రుసుము గల కార్డును, లేని కార్డును పోల్చుటకు సులభమైన మార్గమొకటి కలదు. మొదటి కార్డునకు రుసుము లేదు. వాడుకపై నూటికి అర్ధరూపాయి తిరిగి వచ్చును. రెండవ కార్డునకు రుసుము 1,000 రూపాయలు, పన్నుతో 1,180. నూటికి ఒకటిన్నర రూపాయి తిరిగి వచ్చును. రెంటికిని భేదము నూటికి ఒక రూపాయి. 1,180 రూపాయలు రాబట్టవలెనన్నచో సంవత్సరమునకు 1,18,000 రూపాయలు ఖర్చు చేయవలెను. అంతకు తక్కువ ఖర్చు గల యింటికి రుసుము లేని కార్డే లాభము. రుసుమును, రెంటి భేదముచేత భాగించుటయే సూత్రము. బడిపిల్లవాడును ఈ లెక్క వేయగలడు.

ఇవికాక దాగియున్న రుసుములు కొన్ని గలవు. గడువు దాటినచో ఆలస్య రుసుము. ఏ.టి.ఎం.లో నగదు తీసినచో వేరొక రుసుము. ఆ నగదుపై తీసిన దినమునుండియే వడ్డీ నడచును, ఒక్కనాటి గడువును ఉండదు. విదేశములలో వాడినచో మారకపు రుసుము. ఇవి యన్నియు ధరల పట్టికలో నుండును. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశముల ప్రకారము, దరఖాస్తుతోబాటు వడ్డీ, రుసుములు మొదలగు ముఖ్యవిషయములను ఒక్క పుటలో బ్యాంకు తెలుపవలెను. ఆ పుట చదువక సంతకము చేయుట, తూకము చూడక సరుకు దింపించుకొనుట వంటిది.

రెండవ లెక్క: వడ్డీ

ఇదియే అసలు లెక్క. బిల్లు పూర్తిగా గడువులోపల కట్టినవానికి వడ్డీ యొక్క పైసయు లేదు. కొన్న తేదీని బట్టి 45, 50 దినములవరకు సొమ్ము ఊరకనే వాడుకొనవచ్చును. ఒక్క రూపాయి నిలిపినను ఆ సౌకర్యము పోవును. నిలిచిన బాకీపై వస్తువు కొన్న తేదీనుండియే వడ్డీ లెక్కింపబడును. క్రొత్తగా కొన్న వానికిని గడువు ఉండదు.

బ్యాంకులు తమ పట్టికలలో తరచుగా నెలకు నూటికి మూడున్నర యని వ్రాయును. కొన్ని మూడుముప్పావు అనియు వ్రాయును. చిన్న అంకెవలె కనిపించును. అంగడి భాషలో చెప్పినచో మూడున్నర రూపాయల వడ్డీ. సంవత్సరమునకు నూటికి 42. ఆ వడ్డీపై 18 వంతున పన్ను చేర్చినచో 49 రూపాయల 56 పైసలు. బంగారము కుదువబెట్టుకొని ఇంత వడ్డీ యడుగు వర్తకుని గూర్చి బజారులో ఏమనుకొందురో పాఠకులకు తెలియును.

ఇక కనీస చెల్లింపు అను ఉరి యొకటి యున్నది. ఒక యింటి బిల్లు 40,000 రూపాయలు. కనీసము కట్టవలసినది నూటికి అయిదు వంతున 2,000. యజమాని అంతే కట్టెను. మిగిలిన 38,000 పై ఒక నెల వడ్డీ 1,330. దానిపై పన్ను 239 రూపాయల 40 పైసలు. మొత్తము 1,569 రూపాయల 40 పైసలు. కొన్న తేదీనుండి కట్టిన తేదీవరకు నడచిన వడ్డీని ఇందులో కలుపలేదు. మరుసటి నెల మరల 2,000 కట్టినచో అసలునకు చేరునది సుమారు 430 రూపాయలు మాత్రమే. కట్టుచునే యుండును, బాకీ కదలదు.

ఈ వడ్డీకి చట్టము హద్దు పెట్టునని ఆశపడరాదు. నూటికి 30కి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. ఆ తీర్పును సుప్రీముకోర్టు 2024 డిసెంబరు 20న త్రోసిపుచ్చెను. కావున హద్దు ఎవరింటివారు పెట్టుకొనవలసినదే.

మూడవ లెక్క: బహుమతులు

పాయింట్లు, తిరుగు సొమ్ము, విమానాశ్రయపు విశ్రాంతి గదులు అని పలువిధములు. పాయింటు అనగా రూపాయి కాదు. కొన్ని కార్డులలో పావలా విలువ యుండును. కావున నూరు రూపాయల ఖర్చునకు చేతికి వచ్చునది ఎంతయని రూపాయలలోనికి మార్చి చూడవలెను. పెట్రోలు, ఇంటి అద్దె, బంగారము వంటి వానిపై పాయింట్లు ఇయ్యని కార్డులు పెక్కు. గడువు తీరి చచ్చిపోవు పాయింట్లును ఉండును.

ముందు చెప్పిన యింటినే తీసికొందము. నెలకు 40,000 ఖర్చు, నూటికి ఒక రూపాయి తిరుగు సొమ్ము. సంవత్సరమునకు 4,800 వచ్చును. అదే యింటివారు సంవత్సరములో మూడు నెలలు 38,000 చొప్పున బాకీ నిలిపినచో వడ్డీ, పన్ను కలిసి 4,708 రూపాయలు పోవును. పండ్రెండు నెలలు కూడబెట్టినది మూడు నెలలలో హరించును. కావున పోల్చు క్రమము ఇది: బిల్లు ప్రతినెలయు పూర్తిగా కట్టగలవాడు రుసుమును, బహుమతిని చూడవలెను, కట్టలేనివాడు కార్డులను పోల్చుటకన్న కార్డును మానుట మేలు.

అయినను ఈ బహుమతి సొమ్ము ఆకాశమునుండి రాలునది కాదు. అందులో పెద్ద భాగము దుకాణదారుని జేబునుండియే వచ్చును. రూపే డెబిట్ కార్డుపై వర్తకునికి రుసుము 2020 జనవరి 1 నుండి లేదు. క్రెడిట్ కార్డు గీసినపుడు మాత్రము నూటికి రెండు రూపాయల ప్రాంతమున మినహాయింపబడును. నూటికి మూడు నాలుగు మిగులు కిరాణా వ్యాపారమున ఇది చిన్న మొత్తము కాదు. ఒకచేత పాయింట్లు పుచ్చుకొను వర్తకుడు రెండవచేత ఇచ్చుచునే యున్నాడని మరువరాదు.

లెక్కకు మించినది

గనుల ఊళ్లలో వర్తకునికి ఒక శోధన తరచు ఎదురగును. తెలిసిన ఖాతాదారుడు వచ్చి, "సేఠ్ గారూ, సరుకేమీ వద్దు. పది వేలకు కార్డు గీసి తొమ్మిది వేల ఏడు వందలు చేతికియ్యండి" అనును. ఇంట జబ్బో, కూతురి పెండ్లియో కారణముండును. యంత్రపు రుసుము పోగా వర్తకునికి నూరు రూపాయలు మిగులును. ఎవరికిని నష్టము లేదన్నట్లే తోచును.

కాని అచట అమ్మని సరుకునకు అమ్మినట్లు బిల్లు పుట్టినది. ఇది యంత్రమిచ్చిన బ్యాంకుతో చేసికొన్న ఒప్పందమునకు విరుద్ధము. బయటపడినచో యంత్రము పోవును, పేరును పోవును. అంతకుమించి, ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రపు ఏడవ అధ్యాయమున సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖక్రియ యొకటి. దొంగ వ్రాత వ్రాయుట అని అర్థము. కాగితముపై వ్రాసినను, యంత్రముపై వ్రాసినను వ్రాత వ్రాతయే. ఆ పది వేలు కట్టలేని గనికార్మికునిపై మూడున్నర రూపాయల వడ్డీ మోపుటలో వర్తకుడును భాగస్వామి యగుచున్నాడు. అట్టివానికి వాడుకగా వచ్చిన ఖాతాపై నెల గడువిచ్చుటయో, కాదనుటయో ధర్మము.

అణువ్రతములలో అయిదవది పరిగ్రహ పరిమాణము. ఇంతవరకే నాదని హద్దు గీసికొనుట. బ్యాంకువారు రెండు లక్షల హద్దు ఇచ్చినారని సంతోషించువాడు అది తన సొత్తు కాదని, ఎదుటివాడు గీసిన గీత యని గ్రహింపవలెను. శ్రావకుడు తన గీత తాను గీసికొనవలెను. కార్డు హద్దును తగ్గింపుమని బ్యాంకును కోరవచ్చును. ఆదాయపత్రము లేనివారు డిపాజిట్టుపై చిన్న హద్దు గల కార్డు పొందవచ్చును. ఇంటిలో పిల్లలకు అదనపు కార్డు ఇప్పించినచో బాకీ భారము అసలు కార్డుదారునిదే.

అక్కరలేని కార్డును మూయించుట కష్టము కాదు. బాకీ లేనిచో, కోరిన ఏడు పనిదినములలో బ్యాంకు కార్డు మూయవలెను; ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయల వంతున ఖాతాదారునికి చెల్లింపవలెనని 2022 ఆదేశములు చెప్పుచున్నవి. అడుగని కార్డును పంపుటయు నిషిద్ధము.

మాజ్రికి సమీపమున భద్రావతిలో స్వప్నదేవ కేసరియా పార్శ్వనాథస్వామి తీర్థమున్నది. పర్యూషణములలో అచటికి పోయి సంవత్సరపు దోషములను తలచుకొని క్షమాపణ వేడుకొనువారు మనలో పలువురు. ఆ దినములలోనే ఒక సాయంకాలము ఇంటిలోని కార్డులన్నియు ముందుంచుకొని, కట్టిన రుసుమెంత, పోయిన వడ్డీ యెంత, వచ్చిన బహుమతి యెంత యని పండ్రెండు నెలల లెక్క చూచుకొనుట మంచిది. తేలిన నష్టమును పిల్లలకు చూపవలెను, దాచరాదు. దీపావళికి క్రొత్త చోపడా తెరచునాటికి పాత బాకీలు లేని యిల్లే లక్ష్మీనివాసము.