వాక్యూమ్ పంపు ఎందుకు వేడెక్కుతుంది? – ఒక పాఠం, ఒక అనుభవం



నేను బరంపురంలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిప్లొమాలో ఇంగ్లీషు. మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది ఫీజు మన ట్రస్టు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే కట్టాను. తర్వాత ఒక యాక్సిలరేటర్ ప్రయోగశాలలో, వాక్యూమ్ విభాగంలో చేరి అక్కడే రిటైరయ్యాను. ఈ సంచికకు ఒక పాఠం రాయమని ట్రస్టు పెద్దలు అడిగితే నాకు బాగా తెలిసిన విషయాన్నే ఎంచుకున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

శూన్యం దేనికి?

యాక్సిలరేటర్ అంటే ప్రోటాన్లు, అయాన్ల వంటి విద్యుదావేశం గల కణాలను అధిక వోల్టేజితో వేగంగా పరుగెత్తించే యంత్రం. మనవాళ్లు స్థిరపడిన రాష్ట్రాల్లోనే ఇవి ఉన్నాయి. భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో 30 లక్షల వోల్టుల పెలెట్రాన్, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఆవరణలో 1 కోటి 40 లక్షల వోల్టుల పెలెట్రాన్, కల్పాక్కంలో 17 లక్షల వోల్టుల టాండెట్రాన్ ఇందుకు ఉదాహరణలు.

యంత్రం నుంచి బయలుదేరిన కణాల ధార ప్రయోగం జరిగే చోటు వరకు ఒక స్టీలు గొట్టంలో ప్రయాణిస్తుంది. దీన్నే బీమ్ లైన్ అంటారు. గొట్టంలో గాలి ఉంటే కణాలు గాలి అణువులను ఢీకొని చెదిరిపోతాయి. మామూలు గాలిలో ఒక అణువు మరొకదాన్ని తాకకుండా పోగల సగటు దూరం మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. గొట్టంలోని పీడనాన్ని ఒక మిల్లీబారులో కోటోవంతుకు తగ్గిస్తే ఆ దూరం 600 మీటర్లు దాటుతుంది.

వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లు. అంటే దాన్ని సుమారు వెయ్యి కోట్ల రెట్లు తగ్గించాలన్నమాట. అప్పటికీ ఒక ఘన సెంటీమీటరులో దాదాపు 240 కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. గొట్టం గోడల నుంచి కొత్తవి ఊడి వస్తూనే ఉంటాయి. అందుకే పంపులు రాత్రింబగళ్లు తిరగాలి.

టర్బో పంపు పనిచేసే తీరు

బీమ్ లైన్లలో ఎక్కువగా కనిపించేది టర్బో మాలిక్యులర్ పంపు. సీలింగ్ ఫ్యాను రెక్కల వంటి ఏటవాలు రెక్కలు వరుసలు వరుసలుగా ఉన్న రోటరు ఇందులో తిరుగుతుంది. తిరిగే వరుసల మధ్య కదలని రెక్కల వరుసలు ఉంటాయి. వాటిని స్టేటరు అంటారు. చిన్న పంపుల్లో రోటరు నిమిషానికి 60,000 చుట్లు, అంటే సెకనుకు 1000 చుట్లు తిరుగుతుంది. రోటరు వ్యాసం 10 సెంటీమీటర్లయితే రెక్క కొన వేగం ఎంత? 3.14 × 0.1 × 1000 = సెకనుకు 314 మీటర్లు. గది ఉష్ణోగ్రత వద్ద నత్రజని అణువుల సగటు వేగం సెకనుకు సుమారు 470 మీటర్లు. అంటే అణువుతో పోటీపడే వేగంతో రెక్క కదులుతూ, తగిలిన అణువును కిందికి నెడుతుంది. కింద ఉన్న రోటరీ పంపు దాన్ని బయటికి పంపేస్తుంది. ఈ రెండో పంపును బ్యాకింగ్ పంపు అంటాం.

వేడి ఎక్కడ పుడుతుంది? ఎటు పోతుంది?

మోటారులో, బేరింగుల్లో, రెక్కలకు రాసుకునే వాయువులో వేడి పుడుతుంది. లోపల వాయువు ఎంత ఎక్కువుంటే రాపిడి అంత ఎక్కువ. ఇది ఒక వైపు లెక్క.

రెండో వైపు లెక్క ఏమిటంటే, పుట్టిన వేడి పోయే దారి. మన ఇంట్లో ఫ్లాస్కులో టీ గంటల తరబడి ఎందుకు వేడిగా ఉంటుంది? రెండు గోడల మధ్య గాలి లేకపోవడం వల్ల వేడి బయటికి రాలేదు. టర్బో పంపు రోటరు పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. దాని చుట్టూ ఉన్నది వాక్యూమ్. ఫ్యాను పెట్టినా ఆ గాలి పంపు బయటి ఒంటికి తగులుతుందే గాని రోటరుకు తగలదు. రోటరు వేడి బేరింగుల ద్వారా కొంత, రేడియేషన్ ద్వారా కొంత మాత్రమే పోతుంది.

స్టీఫాన్ నియమం ఇక్కడ పనికివస్తుంది. రేడియేషన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. రోటరు 300 కెల్విన్ (27 డిగ్రీలు) నుంచి 360 కెల్విన్ (87 డిగ్రీలు) కు వేడెక్కితే అది విడుదల చేసే రేడియేషన్ 1.2 నాలుగో ఘాతం, అంటే 2.07 రెట్లు అవుతుంది. 60 డిగ్రీలు పెరిగినా రెట్టింపుకు కాస్త ఎక్కువ మాత్రమే. రోటరు అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినది. ఎక్కువ వేడిలో ఆ లోహం బలం తగ్గుతుంది, బేరింగులోని కందెన ఎండిపోతుంది. అందుకే పంపు ఒంటికి చల్లని నీటి గొట్టం చుట్టి, ఒక ఉష్ణోగ్రత స్విచ్ అమరుస్తారు. హద్దు దాటితే ఆ స్విచ్ పంపును ఆపేస్తుంది. దీన్నే ట్రిప్ కావడం అంటాం.

ఆ మే నెల రాత్రి

అది 1994 మే నెల. దూరపు విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని తన నమూనాలతో రైలెక్కి వచ్చింది. ఆమెకు కేటాయించింది 8 గంటల షిఫ్టులు ఐదు. మొదటి రోజు సాయంత్రం బీమ్ లైన్ చివరి టర్బో పంపు ట్రిప్ అయింది. డ్యూటీలో ఉన్నది నేను. చల్లారాక మళ్లీ తిప్పి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టాను. మూడు గంటల తర్వాత మళ్లీ ట్రిప్. మళ్లీ తిప్పాను. అర్ధరాత్రి మూడోసారి ఆగింది.

బీమ్ ఆగిందంటే ఉదయం అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ భయంతో ఉష్ణోగ్రత స్విచ్ తీగలు రెండూ విప్పి కలిపి కట్టేశాను. ఇక అది ట్రిప్ కాదు. సమస్య తీరిందనుకున్నాను.

తెల్లవారుజామున 4 గంటలకు పెద్ద చప్పుడు. బేరింగు పట్టేసి రోటరు స్టేటరుకు తగిలింది. ఇలాంటప్పుడు రోటరు శక్తి అంతా ఒక్క క్షణంలో విడుదలవుతుంది. ఫ్లాంజికి ఒక్క బోల్టు కూడా తక్కువ కాకుండా బిగించమనేది ఇందుకే. బోల్టులన్నీ ఉన్నాయి కాబట్టి పంపు ఎగిరిపడలేదు. గేట్ వాల్వు తనంతట తాను మూసుకుంది కాబట్టి యాక్సిలరేటర్ బతికింది. కాని ఆ బీమ్ లైన్ నిండా అల్యూమినియం ముక్కలు. శుభ్రం చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ అమ్మాయి షిఫ్టులన్నీ పోయాయి. మళ్లీ వంతు ఏడు నెలల తర్వాత వచ్చింది. ఆమె స్కాలర్‌షిప్ గడువు అంతకుముందే ముగిసిందని, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని హాస్టలులో ఉందని నాకు తర్వాత తెలిసింది.

లాగ్ బుక్‌లో నేను చేసినదంతా నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. మా ఫోర్‌మన్ గారు అది చదివి, "ఏం బాబూ, జ్వరం వచ్చిందని థర్మామీటరు విరగ్గొట్టావన్నమాట" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. నన్ను వెంటబెట్టుకుని కారణం వెతకడానికి బయలుదేరారు.

దొరికిన కారణాలు రెండు

మొదటిది నీటి లైనులోని వడపోత జాలీ. సున్నపు పెచ్చులతో, పాచితో అది దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. లెక్క చూడండి. పంపు నీటికి ఇచ్చే వేడి 140 వాట్లనుకుందాం. నిమిషానికి 2 లీటర్లు, అంటే సెకనుకు 33.3 గ్రాముల నీరు పారితే, నీటి విశిష్టోష్ణం గ్రాముకు 4.2 జౌళ్లు కాబట్టి, 140 ÷ (33.3 × 4.2) = 1 డిగ్రీ. బయటికి వచ్చే నీరు ఒక్క డిగ్రీ మాత్రమే వేడెక్కుతుంది. ప్రవాహం 20వ వంతుకు పడిపోతే అదే నీరు 20 డిగ్రీలు వేడెక్కుతుంది. 28 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లిన నీరు 48 డిగ్రీల వద్ద బయటికి వస్తుంది. ఆ రాత్రి రెండు గొట్టాలనూ చేత్తో పట్టుకుని చూసి ఉంటే నాకు విషయం తెలిసిపోయేది.

రెండోది బ్యాకింగ్ లైన్ ఫ్లాంజిలో ఓ-రింగు మీద అతుక్కున్న ఒక తల వెంట్రుక. నాలుగు రోజుల ముందు ఆ ఫ్లాంజి మూసింది నేనే. వెంట్రుక పక్కనుంచి గాలి సన్నగా కారుతూ ఉంది. టర్బో పంపు కింద పీడనం పెరిగింది, రాపిడి పెరిగింది, మోటారు లాగే కరెంటు రోజురోజుకూ పెరిగింది. ఆ అంకెలు లాగ్ బుక్‌లో ఉన్నాయి. రాసినవాళ్లం రాశాం గాని, ముందురోజు అంకెతో పోల్చి చూసినవాళ్లు లేరు.

వేడి పుట్టడం ఎక్కువైంది, పోయే దారి మూసుకుంది. రెండూ ఒకేసారి జరిగాయి. పంపులో మాత్రం ఏ లోపమూ లేదు.

ఇతర కారణాలు

అయస్కాంతాలు: బీమును వంచే పెద్ద అయస్కాంతాల పక్కన టర్బో పంపు పెడితే, తిరిగే రోటరులో ఎడ్డీ కరెంట్లు పుట్టి అది వేడెక్కుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కేది కూడా ఎడ్డీ కరెంట్ల వల్లనే.

వాయువు రకం: ఆర్గాన్ వంటి బరువైన వాయువు వేడిని సరిగా మోయలేదు. అందువల్ల నత్రజనితో కంటే ఆర్గాన్‌తో రోటరు ఎక్కువ వేడెక్కుతుంది.

బేకింగ్: గోడలకు అంటుకున్న తేమను వదిలించడానికి గొట్టాన్ని వేడిచేస్తారు. ఆ వేడి ఫ్లాంజి గుండా పంపులోకి దిగుతుంది.

అయాన్ పంపు: ఇందులో తిరిగే భాగాలు లేవు, అధిక వోల్టేజి ఉంటుంది. పీడనం తగినంత తగ్గకముందే దీన్ని ఆన్ చేస్తే కరెంటు పెరుగుతుంది, పంపు వేడెక్కుతుంది, వేడికి గోడల నుంచి వాయువు వెలువడుతుంది, దాంతో కరెంటు ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచాలంటే ఆపి, చల్లార్చి, ముందు ఇతర పంపులతో పీడనం తగ్గించాలి.

విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి

ఏ యంత్రం వేడెక్కినా మూడు ప్రశ్నలు వేసుకోండి. వేడి ఎక్కడ పుడుతోంది? అది ఏ దారిన పోవాలి? ఆ దారి తెరిచి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా రీసెట్ బటను ముట్టుకోవద్దు. రక్షణ స్విచ్‌ను ఎన్నడూ తప్పించవద్దు. అది పనికి అడ్డం కాదు, కబురు తెచ్చే మనిషి వంటిది.

అభ్యాసం: ఒక పంపు గుండా నిమిషానికి 1 లీటరు నీరు పారుతూ 3 డిగ్రీలు వేడెక్కుతోంది. పంపు నీటికి ఇస్తున్న వేడి ఎన్ని వాట్లు? (జవాబు: 210 వాట్లు)

తల్లిదండ్రులకు ఒక మాట

వాక్యూమ్ పని తెలిసినవారు యాక్సిలరేటర్లకే కాదు, ఆస్పత్రుల సైక్లోట్రాన్లకు, సెమీకండక్టర్ కర్మాగారాలకు, ఉపగ్రహాలను పరీక్షించే గదులకు కూడా కావాలి. ఐ.టి.ఐ. ఫిట్టరు, డిప్లొమా, బి.ఎస్‌సి. ఫిజిక్స్ చదివినవారు కూడా ఈ రంగంలోకి రావచ్చు. అణుశక్తి విభాగపు సంస్థలు స్టైపెండు ఇచ్చి శిక్షణార్థులను తీసుకునే ప్రకటనలు వెలువడుతుంటాయి. వాటిని గమనిస్తూ ఉండండి.

ఇంకొక్క మాట. ఆ రాత్రి తీగలు కలపడానికి కారణం నాకు విషయం తెలియకపోవడం కాదు, భయం. మార్కులు తగ్గాయనో, లెక్క అర్థం కాలేదనో చెప్పడానికి పిల్లలు మన దగ్గర భయపడితే వాళ్లు కూడా ఏదో ఒక తీగ కలిపేస్తారు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. కనుక పిల్లవాడు వచ్చి "తప్పయింది నాన్నా" అన్నప్పుడు ముందు వినండి. కారణం వెతకడానికి, మా ఫోర్‌మన్ గారిలాగా, వాడి వెంట నడవండి.