పాఠం: అవ్వకు ఏమని చెప్పాలి?

ఈ పాఠంలో నేర్చుకునేవి: విన్న మాట నిజమో కాదో అడిగి తెలుసుకోవడం, కారణంతో జవాబు చెప్పడం.

చదవండి

షుఐబా కువైట్ నగరానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న పారిశ్రామిక ప్రాంతం. అక్కడ రేవు ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1968లో మొదలైన చమురు శుద్ధి కర్మాగారం 2017లో మూతపడింది. మిగతా చోట్ల పనులు నడుస్తున్నాయి. కడప, గోదావరి జిల్లాల వాళ్లు చాలామంది కువైట్‌లో పని చేస్తారు. కింది సంభాషణలో నాన్న షుఐబాలో పని చేస్తాడు. అవ్వ రాయచోటి దగ్గర ఊళ్లో ఉంటుంది.

సంభాషణ

అవ్వ (ఫోన్లో): అమ్మీ, ఎండలకు ఆడ పనులన్నీ ఆపేసినారంట! మీ నాయనకు పని పోయిందా?

పాప: ఏమో అవ్వా, నాకు తెలీదు.

(సాయంత్రం)

పాప: నాన్నా, నీ పని పోయిందా? పనులన్నీ ఆపేశారట కదా?

నాన్న: అన్నీ కాదమ్మా. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. ఇక్కడి రూలు అది. అందుకే తెల్లారకముందే పోతాండా.

పాప: మరి పదింటికి ఎండ ఉండదా?

నాన్న: ఎందుకుండదు? కష్టమే. నీళ్లు తాగుతా, నీడలో కాసేపు కూర్చుంటా.

(మళ్లీ ఫోన్లో)

పాప: అవ్వా, నాన్న పని పోలేదు. మధ్యాహ్నం మాత్రమే ఆపుతారు, ఎందుకంటే అప్పుడు ఎండ మరీ ఎక్కువ. పొద్దున కూడా వేడిగానే ఉంటుంది, కానీ జాగ్రత్తగా ఉంటున్నాడు.

అవ్వ: అడిగి చెప్పినావు, మేలు చేసినావు తల్లీ. రాత్రంతా నిద్ర లేదు నాకు.

గమనించండి

"ఆపేశారు" అంటే మనకు తెలిసిన విషయం. "ఆపేశారట" అంటే ఎవరో చెప్పగా విన్నది. ఒక్క "ట" చేరితే చాలు, మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అవ్వ నోట అదే "అంట" అయింది. "ట" వినబడితే "ఎవరు చెప్పారు? అన్నీనా, కొన్నేనా? ఎప్పుడు?" అని అడగండి.

అభ్యాసం

1. పాప మొదటి జవాబుకూ, చివరి జవాబుకూ తేడా ఏమిటి?
2. ఈ వారం మీరు విన్న ఒక మాటను "ట"తో రాయండి. తెలిసినవాళ్లను అడిగి, నిజమైతే "ట" తీసేసి మళ్లీ రాయండి.
3. "వేడిగానే ఉంటుంది" అని పాప దాచకుండా చెప్పింది. అవ్వ భయపడుతుందని ఆ మాట దాచి ఉంటే బాగుండేదా? "ఎందుకంటే" వాడి, మీ అభిప్రాయం ఇంట్లో పెద్దవాళ్లతో చెప్పండి. వాళ్ల మాట కూడా పూర్తిగా వినండి.