ఎర్ర మందారము: నామవిచారము, వృక్షశాస్త్ర పరిచయము

హిందూపురము మొదలుకొని పెనుకొండ మీదుగా ధర్మవరము వరకు గల ఎర్రనేలలలో వర్షపాతము స్వల్పము. పూర్వపు అనంతపురము జిల్లాకంతకు సంవత్సర సగటు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో ఈ మూడు పట్టణములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి కాని మేఘములకు జిల్లా సరిహద్దులతో పని లేదు. ఇట్టి సీమలో కూడ ఇంటి పెరటిలో, బావిగట్టున, పాఠశాల ఆవరణలో ఏడాది పొడవునా పూచు బహువార్షిక మొక్క ఒకటి కలదు. అదియే ఎర్ర మందారము. కొందరు దీనిని దాసాని అందురు. కన్నడసీమ పక్కనే ఉన్న హిందూపుర ప్రాంతమున దాసవాళ మను మాటయు వినవచ్చును. ఉర్దూలో ఇది గుడహల్.

ఇంత పరిచితమైన మొక్కను గూర్చి వ్యాసమెందుకని విద్యార్థులు అడుగవచ్చును. మనము రోజూ చూచు వస్తువును గూర్చియే మనకు తప్పుడు భావములు ఎక్కువగా ఉండును. మందారము విషయమున ఆ తప్పులకు మూలము దాని పేర్లే. సాహిత్యము చదువువారికి పేరు తెలియును, పువ్వు తెలియదు. శాస్త్రము చదువువారికి పువ్వు తెలియును, పేరు చరిత్ర తెలియదు. ఈ రెంటిని ఒకచోట చేర్చుటయే మా ప్రయత్నము.

పేరులో ఏమున్నది?

సంస్కృత వాఙ్మయమున మందారము దేవతావృక్షము. పారిజాతము, సంతానము, కల్పవృక్షము, హరిచందనము అను నాలుగింటితో కలిసి ఇది స్వర్గమున ఉన్న ఐదు చెట్లలో ఒకటి. పోతన మహాకవి భాగవతము సప్తమ స్కంధమున ప్రహ్లాదుని నోట పలికించిన ప్రసిద్ధ పద్యములోని మందారము కూడ ఇదియే. ఆ పద్యమును వివరించునపుడు మన పెరటి ఎర్రపువ్వును చూపుట తరగతులలో తరచుగా జరుగు పొరపాటు. అదే పద్యమున వెంటనే ఆకాశగంగయైన మందాకిని ప్రస్తావన వచ్చును. అనగా కవి దృష్టి దేవలోక వస్తువులపై ఉన్నది. మన పెరటి పువ్వునకు సంస్కృతమున జపా, ఓడ్రపుష్పము అను వేరు పేర్లు కలవు.

వైద్య నిఘంటువులకు వచ్చినచో చిక్కు మరింత పెరుగును. అక్కడ మందార శబ్దము తెల్ల జిల్లేడునకును, ముండ్లు గల బాడిద చెట్టునకును కూడ వాడబడినది. తెలుగువారు అదే పేరును ఎర్రపువ్వునకు స్థిరపరచినారు. ఇది కేవలము పండితుల తగవు కాదు. జిల్లేటిపాలు విషతుల్యములు, కంటికి సోకినచో ప్రమాదము. ఏ పాత పుస్తకములోనో “మందారము” అని ఉన్న ఔషధ యోగమును చూచి, ఏ మొక్కయో నిర్ధారించుకొనక వాడినచో ఫలితమెట్లుండునో ఊహించవచ్చును.

యవన వైద్యమునందును ఇట్టి కథయే. శాస్త్రజ్ఞులు మందారమునకు పెట్టిన హైబిస్కస్ అను ప్రజాతి నామము ప్రాచీన గ్రీకు భాషలోనిది. ఆ కాలమున ఆ పేరు వేరొక మొక్కది. దానినే యునానీ హకీములు ఖత్మీ అందురు. రెండును ఒకే కుటుంబములోనివైనను రెండు వేర్వేరు మొక్కలు. ఖత్మీ బదులు గుడహల్, గుడహల్ బదులు ఖత్మీ వాడుట తగదు.

1753లో స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు మన మొక్కకు హైబిస్కస్ రోసా-సైనెన్సిస్ అని నామకరణము చేసెను. రోసా-సైనెన్సిస్ అనగా చైనా గులాబి. కాని ఇది గులాబి కుటుంబమునకు చెందినది కాదు. చైనాలో చిరకాలముగా పెంపకములో ఉన్నను, అడవిలో సహజముగా మొలిచిన మొక్క ఎచ్చటను నిశ్చయముగా కనబడలేదు. దీని సన్నిహిత బంధువులు పసిఫిక్ మహాసముద్ర ద్వీపములలో ఉండుటను బట్టి, ఇది మానవులు ప్రాచీన కాలమున కలిపి పెంచిన సంకరజాతి యని నేటి పరిశోధకులు కొందరు భావించుచున్నారు. స్వర్గము, గ్రీసు, చైనా ఇట్లు మూడు చోట్ల నుండి పేర్లు వచ్చినవి గాని వానిలో ఒకటియైనను దీని పుట్టుకను సరిగా చెప్పుటలేదు.

పువ్వు చెప్పు సాక్ష్యము

పేర్లను పక్కనబెట్టి పువ్వునే అడుగుదము. రేక మందారము నొకదానిని కోసి, పదునైన బ్లేడుతో నిలువుగా చీల్చి చూడవలెను. అడుగున సన్నని ఆకుపచ్చ పోచల వంటివి ఐదు మొదలు ఏడు వరకు ఉండును. ఇది ఉపరక్షకపత్రావళి. దానిపై ఐదు భాగములు కలిసిపోయిన రక్షకపత్రావళి, ఆపైన ఐదు ఎర్రని ఆకర్షణపత్రములు. మొగ్గలో ఇవి గొడుగు మడత వలె ఒకదానిపై ఒకటి మెలితిరిగి ఉండును.

పువ్వు మధ్య నుండి వెలుపలికి పొడుచుకొని వచ్చిన కాడయే అసలు గుర్తు. అనేక కేసరముల కాడలు ఒకదానితో ఒకటి అతుకుకొని గొట్టముగా మారినవి. దీనిని ఏకబంధక కేసరావళి అందురు. గొట్టముపై పసుపుపచ్చని మూత్రపిండాకార పరాగకోశములు, ఒక్కొక్కదానికి ఒక్కటే గది. ఆ గొట్టము లోపలి నుండి సన్నని కీలము పైకి వచ్చి, చివర ఐదు ఎర్రని మఖమలు బొత్తాముల వంటి కీలాగ్రములుగా చీలును. అడుగున ఐదు గదుల ఊర్ధ్వ అండాశయము.

ముద్ద మందారమును చీల్చి చూచినచో మరియొక విశేషము తెలియును. అందు కేసరములలో అనేకము రేకులుగా మారినవి. కొన్ని రేకుల అంచున పరాగకోశపు ఆనవాలు ఇంకను మిగిలియుండును. కన్నులపండువగా కనబడు ఆ ముద్ద, నిజమునకు రేకులైపోయిన కేసరముల గుంపు.

ఇప్పుడు పొలమునకు పోయి పత్తిపువ్వు నొకదానిని, బెండపువ్వు నొకదానిని ఇట్లే చీల్చి చూడుడు. అదే మెలితిరిగిన మొగ్గ, అదే కేసరనాళము. మా ప్రాంతమున పుంటికూర యనియు, ఉర్దూ వారు అంబాడా యనియు పిలుచు గోంగూర హైబిస్కస్ ప్రజాతిలోనిదే. దారిపక్క తుత్తురుబెండ, నీడనిచ్చు గంగరావి కూడ ఈ మాల్వేసి కుటుంబమువే. 1998 నుండి డి.ఎన్.ఏ. ఆధారమున చేసిన వర్గీకరణ బూరుగను, జనపనారనిచ్చు మొక్కను, కోకోను కూడ ఈ కుటుంబముననే చేర్చినది.

ఇచ్చట మన పొరుగువారి పేరొకటి స్మరింపదగును. తమిళులు, మలయాళీలు ఈ మొక్కను చెంపరత్తి వంటి పేర్లతో పిలుతురు. విడదీసినచో దాని అర్థము ఎర్రపత్తి! కేరళ తీరమున డచ్చి అధికారి వాన్ రీడ్ 1678–1693 మధ్య వెలువరించిన పన్నెండు సంపుటముల హోర్టస్ మలబారికస్‌లో కూడ ఈ పేరు నమోదైనది. లిన్నేయస్ పుట్టుటకు ముందే, సూక్ష్మదర్శిని లేకయే, ఎవరో సామాన్యుడు ఈ పువ్వును పత్తిపువ్వుతో పోల్చి చూచి బంధుత్వమును గుర్తించినాడు. పండితులు పెట్టిన పేర్లు తప్పిన చోట పల్లె పేరు నిలిచినది.

రంగు, ఉపయోగము

పట్టుచీరలకు పేరొందిన ధర్మవరమున ఒక ప్రశ్న సహజముగా పుట్టును: ఇంత ఎర్రని పువ్వుతో పట్టునకు రంగు వేయరాదా? దీనికి సమాధానము ప్రయోగశాలలో దొరకును. రేకులను వేడినీటిలో నాననిచ్చి, ఆ రసమును రెండు పాత్రలలో పోయవలెను. ఒకదానిలో నిమ్మరసము పిండినచో రంగు చక్కని ఎరుపగును. రెండవదానిలో సున్నపుతేట పోసినచో పచ్చబారును. ఆంథోసయానిన్ అను వర్ణద్రవ్యపు స్వభావమిది. సబ్బు తగిలిన మాత్రమున మారు రంగు చీరకు పనికిరాదు. కాని ఆమ్లక్షారములను గుర్తించు సూచికగా లిట్మస్ లేని పాఠశాలకు ఇది ఖర్చులేని వరము. నల్లని తోలు జోళ్ళకు ఈ రేకులు రుద్ది మెరుగు పెట్టుట ఒకప్పుడు వాడుక. ఆంగ్లమున షూ ఫ్లవర్ అను పేరు అందుచేతనే వచ్చినది.

ఆకులలోని జిగురు తలంటుటకు, పూలు తలనూనెకు వాడుట హిందూ ముస్లిం కుటుంబములు రెంటిలోను కలదు. పైపూతగా ఇది హాని లేని అలవాటు. కడుపులోనికి పుచ్చుకొనుట వేరు మాట. జంతువులపై చేసిన పరిశోధనలలో ఈ పూల సారము గర్భధారణకు ప్రతికూలమని కనబడినందున గర్భవతులు దీనిని మానుట మంచిది. ఈజిప్టులో కర్కదే పేర త్రాగు పానీయము, రక్తపోటుకు మంచిదని నేడు ప్రచారములో ఉన్న మందార తేనీరు, పుల్లని ఎర్ర గోంగూర జాతి రక్షకపత్రములతో చేయునది. అది మన పెరటి మందారము కాదు. ఇక్కడను పేరే మోసము.

వంశవృద్ధి

ఒక్కొక్క పువ్వు ఆయువు సుమారు ఒక దినము. పరిమళము లేదు. అందుచే పూలంగడిలో మల్లెకు, గులాబికి ఉన్న స్థానము దీనికి లేదు. అడుగున ఉన్న తేనెకై తేనెపిట్టలు వచ్చును గాని మన తోటలలోని ఎర్ర మందారము సాధారణముగా కాయ కాయదు. తరతరములుగా కొమ్మలతోనే పెంచబడుట, కణములలో క్రోమోసోముల సంఖ్య అనేక రెట్లు పెరిగియుండుట ఇందుకు కారణములు.

కావున వానకాలమున పెన్సిలు లావు గల జానెడు కొమ్మను, మూడు నాలుగు కణుపులుండునట్లు కోసి, క్రింది ఆకులు తీసివేసి, నీడలో తడిమట్టిలో నాటవలెను. నెల, నెలన్నరలో వేళ్ళు పుట్టును. పిదప ఎండ తగులు చోటికి మార్చవలెను. పూలు క్రొత్త చిగుళ్ళపైననే వచ్చును గనుక ఏటేట కత్తిరింపు అవసరము. బోరునీరు క్షారముగా ఉన్నచోట ఈనెలు పచ్చగా మిగిలి ఆకు పసుపుబారును. అది ఇనుము అందనందున కలుగు లోపము, పశువుల ఎరువు మేలు చేయును. పిండినల్లి పట్టినచో పలుచని సబ్బునీరు చల్లవలెను. వేసవిలో మొదట ఎండుటాకులు పరచినచో తడి నిలుచును.

మలేషియా 1960లో ఈ పువ్వును జాతీయ పుష్పముగా స్వీకరించినది. ఆ దేశమునకు గాని, చైనాకు గాని, మన సీమకు గాని ఇది తనంత తాను నడచి పోలేదు. విత్తనము లేని మొక్క గాలితోనో పక్షితోనో వ్యాపింపదు. ఒకరు కొమ్మ విరిచి ఇచ్చిరి, మరియొకరు పుచ్చుకొని నాటిరి. పెనుకొండలోని ఏ పెరటి మందారమైనను ఏదో యొక పొరుగింటి గోడ మీదుగా వచ్చినదే. ఇచ్చిన యిల్లు పూజకు కోసినను, పుచ్చుకొన్న యిల్లు తలనూనెకు కోసినను మొక్క ఒక్కటే. ఇచ్చిపుచ్చుకొనుట ఆగినచో దాని వంశమును ఆగును.

విద్యార్థులు ఈ వానకాలమున ఒక కొమ్మ నాటి, పూచిన మొదటి పువ్వును పత్తిపువ్వు పక్కన పెట్టి చీల్చి చూడవలెనని మా కోరిక. పుస్తకమున చదివిన పేరును కంటితో చూచిన వస్తువుతో సరిపోల్చుకొను అలవాటు అప్పుడు కలుగును. ఆ అలవాటు సాహిత్య విద్యార్థికిని, శాస్త్ర విద్యార్థికిని సమానముగా అవసరము.