మీ రిజిస్టరే మీ మొదటి గైడు

మొగల్తూరు, పేరుపాలెం చుట్టుపక్కల అంగన్‌వాడీల్లో పనిచేస్తూ సూపర్‌వైజర్ కావాలనుకునే అక్కచెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. 2022లో మన రాష్ట్ర మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ 560 గ్రేడ్-2 సూపర్‌వైజర్ పోస్టులకు పరీక్ష పెట్టింది. నోటిఫికేషన్ పడ్డాక పుస్తకం తెరిస్తే చాలదు. ఇవాళే మొదలుపెట్టండి. సగం సిలబస్ మీ చేతుల్లోనే ఉంది.

లెక్కలంటే భయం వద్దు

హాజరు రిజిస్టర్ తెరవండి. 24 మందిలో 18 మంది వచ్చారు. అంటే నాలుగింట మూడు వంతులు, 75 శాతం. కాగితం లేకుండా చెప్పడం అలవాటు చేసుకోండి. పిల్లల బరువులతో సగటు కట్టండి. గుడ్ల లెక్కతో నిష్పత్తులు వేయండి. రోజుకు ఐదు లెక్కలు, గడియారం ఎదురుగా పెట్టుకుని చేయండి.

పని వెనకున్న కారణం పట్టుకోండి

పిల్లల దండచుట్టు కొలిచే టేపు మీకు తెలిసిందే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎరుపు, అది తీవ్ర పోషకాహార లోపం. 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. రంగు చూసి ఊరుకోకుండా అంకె గుర్తుపెట్టుకుంటే ఒక ప్రశ్నకు జవాబు సిద్ధమైనట్టే. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. దాని ఆరు సేవలను ఒక్కొక్కటిగా మీ మాటల్లో రాసి చూడండి.

పర్యవేక్షకురాలిగా ఆలోచించండి

ఒక కేంద్రంలో రిజిస్టర్‌లో రాసిన బరువు, మీరు తూస్తే వచ్చిన బరువు వేరుగా ఉన్నాయనుకోండి. ఏం చేస్తారు? తల్లుల ముందే టీచరును కేకలేయడం జవాబు కాదు, చూసీచూడనట్టు వదిలేయడమూ కాదు. తూకం సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. బిడ్డను మళ్లీ తూయాలి. తప్పు దిద్దించి, ఎలా తూయాలో నేర్పి, తర్వాత వచ్చినప్పుడు సరిచూడాలి. ముందు నిజం తేల్చుకోవడం, తర్వాత సరిదిద్దడం, ఆపైన నేర్పడం. ఇలాంటి ప్రశ్నలన్నిటికీ ఇదే వరస.

ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం: రాత్రి వంటపని మీరు అందుకుని, ఆమెను రోజూ ఒక గంట చదువుకోనివ్వండి. పదిమంది పిల్లల్ని సాకిన చేతులకు పాతిక కేంద్రాలను నడిపే సత్తా ఉంది. ఆ సత్తాను పరీక్ష దాకా తీసుకెళ్లండి.