ముందు రేకు చూడండి, తర్వాతే రబ్బరు

తొలకరి పడగానే ఏటా పాత కార్ల వెనక గ్లాస్ మీద ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి అన్నీ సైబరాబాద్ వైపు నుంచే వచ్చాయి.

ప్రశ్న: మా తాతగారి 1984 మోడల్ అంబాసిడర్‌ను సూర్యాపేట నుంచి తెచ్చి పెయింట్ వేయించాను. షెడ్డులో వెనక గ్లాస్ ఊడదీసి, కొత్త రబ్బర్ బీడింగ్‌తో మళ్లీ బిగించారు. మొదటి వానకే డిక్కీలో నీళ్లు. చుట్టూ సిలికాన్ పెట్టించినా ఆగలేదు. ఇంకా మంచి సీలెంట్ ఏదైనా చెబితే ఆదివారం మా సెల్లార్‌లో ఫ్రెండ్‌తో కలిసి నేనే పూసుకుంటాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: సీలెంట్ సంగతి చివర్లో చెబుతాను. ఆదివారం మీ ఫ్రెండ్‌ను మాత్రం తప్పకుండా పిలవండి. ఇద్దరూ కలిసి ఆ గ్లాస్ మళ్లీ దించాలి.

ఈ బీడింగ్‌కు రెండు గాడులుంటాయి. లోపలి గాడిలో గ్లాస్ కూర్చుంటుంది, బయటి గాడి బాడీ రేకు అంచును కరుచుకుంటుంది. నలభై ఏళ్ల కారులో ఆ అంచు తుప్పు తిని పలచబడిపోతుంది. నీళ్లు నిలిచే కింది మూలల్లో అయితే రంపపు పళ్లలా తయారవుతుంది. అలాంటి అంచు మీద ఎంత కొత్త రబ్బరైనా పట్టు ఎలా దొరకబుచ్చుకుంటుంది? చాలా షెడ్డుల్లో ఆ చోటును పుట్టీతో సాపు చేసి, రంగు కొట్టి, బీడింగ్ తొడిగి తాళాలు చేతిలో పెడతారు. పుట్టీ తేమ పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, పెళ్లలుగా ఊడుతుంది. రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద రేకు కరిగిపోతూ ఉంటుంది.

ఇక సిలికాన్. పెట్టిన రోజు వెనిగర్ వాసన ఘాటుగా వచ్చిందా? వస్తే అది ఆరేటప్పుడు అసిటిక్ యాసిడ్ వదిలే రకం. బాత్రూమ్‌లో టైల్స్ సందులకు అది మంచిదే, ఇనుప రేకుకు మాత్రం శత్రువు. లోపలికి చేరిన నీటిని బయటికి పోనివ్వదు కూడా. సిలికాన్ మీద రంగు నిలవదు కాబట్టి చుక్క మిగలకుండా గీకి తీయాలి. ఆ బీడింగ్ మీద ఆశ వదులుకోండి. లోపలి వైపు అంచును కట్టర్ బ్లేడుతో కోసేసి, వెనక సీట్లో కూర్చుని అరచేతులతో మెల్లగా తోస్తే గ్లాస్ బయటికి వస్తుంది. బయట మీ ఫ్రెండ్ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో తిప్పొద్దు.

గ్లాస్‌ను దుప్పటి మీద పెట్టి, అప్పుడు రేకు చూడండి. దయచేసి ఈ పని ఎగ్గొట్టకండి. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో తెల్లని లోహం కనబడేదాకా రుద్దండి. కన్నాలుంటే టింకరింగ్ చేసే మనిషితో కొత్త రేకు అతికించి వెల్డింగ్ చేయించండి. ఆపైన తుప్పు ఆపే ప్రైమర్, రంగు, ఆరడానికి ఓ వారం. ఆ వారం కారు మీద కవర్ కప్పి నడపకుండా ఉంచండి.

ఇరవై ఏళ్ల కిందట మా నాన్నగారి ఫియట్‌కు నేను ఈ వారం కూడా ఆగలేదు. కనబడని తుప్పును కెలకడమెందుకని కొత్త బీడింగ్ వేసి ఊరుకున్నాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి గ్లాస్ కింది రేకు వేలితో పొడిస్తే ఊడొచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే మీతో ఇంత గట్టిగా చెబుతున్నాను.

బిగించే రోజు కారును సెల్లార్‌లోంచి పైకి తెండి. కొత్త బీడింగ్‌ను గంటసేపు ఎండలో పెడితే మెత్తబడి మాట వింటుంది. దాన్ని గ్లాస్ చుట్టూ తొడిగి, బయటి గాడిలో నాలుగైదు మిల్లీమీటర్ల నైలాన్ తాడు దూర్చండి. కొసలు రెండూ కింద మధ్యలో జానెడు మేర ఒకదాన్నొకటి దాటి కారు లోపలికి వేలాడాలి. గాడికీ రేకు అంచుకూ సబ్బు నీళ్లు పట్టించండి, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, వాసెలిన్ వద్దు. పెట్రోలియం నూనె తగిలిన రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇప్పుడు మీ ఫ్రెండ్ బయటి నుంచి అరచేతులతో అదుముతుంటే మీరు లోపల కూర్చుని తాడును గ్లాస్ నడిమి వైపు లాగుతూ రండి. తాడు వచ్చినకొద్దీ రబ్బరు అంచు రేకును దాటి లోపలికి తిరగబడుతుంది. మొదట కింద, తర్వాత మూలలు, ఆఖరున పైభాగం. మూల దగ్గర బిగిస్తే లాగడం ఆపండి, అక్కడ బయటి మనిషి చేతిదే పని. రబ్బరు సుత్తి కూడా వద్దు. టఫెండ్ గ్లాస్ నడిమధ్య దెబ్బకు తట్టుకుంటుంది గానీ, అంచుకు చిన్న గాటు పడితే మొత్తం పలుకులుగా రాలిపోతుంది.

గ్లాస్ సరిగ్గా కూర్చున్నాక, గట్టిపడని బ్యూటైల్ రకం సీలెంట్ బయటి అంచు కింద సన్నగా ఎక్కించవచ్చు. ఆ తర్వాత ఒకరు టార్చితో డిక్కీలోకి చూస్తుంటే రెండోవారు పైపుతో నీళ్లు సన్నధారగా, కింద మొదలుపెట్టి పైకి పట్టాలి. పై నుంచి పడితే అంతా తడిసి, ఎక్కడ కారుతుందో అర్థం కాదు. గ్లాస్ దగ్గర పొడిగా ఉండి డిక్కీ మాత్రం తడిస్తే, మూత చుట్టూ ఉన్న రబ్బరు, టెయిల్ ల్యాంపుల వెనక ప్యాకింగ్ చూడండి.

ప్రశ్న: మా నాన్నగారి పద్మిని వెనక గ్లాస్ పగిలింది. అదే సైజు దొరక్క, వేరే కారు గ్లాస్ తెచ్చి అంచులు కోసి సరిచేస్తామంటున్నారు. ఒప్పుకోనా?
— గృహిణి, గచ్చిబౌలి

జవాబు: ఒప్పుకోకండమ్మా. వెనక గ్లాస్‌ను ముందు ఆకారానికి కోసి, 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, చల్లగాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. దాని బలమంతా అక్కడే వస్తుంది. ఆ తర్వాత కోయబోతే ముక్కలవుతుంది. కోశామని ఎవరైనా చూపిస్తే అది మామూలు కిటికీ అద్దం. గుద్దుకుంటే కత్తుల్లాంటి పెంకులై వెనక సీట్లో పిల్లల మీద పడుతుంది. పద్మినిలు 2000 ప్రాంతం దాకా తయారయ్యాయి, పాత బళ్లు విప్పేచోట ఓపికగా వెతికితే దొరుకుతాయి. కొనేముందు గ్లాస్ మూలన టఫెండ్ ముద్ర చూసుకోండి.

ప్రశ్న: సాయంత్రం ఎండ వెనక నుంచి కొడుతోంది. పాత కారే కదా, బ్లాక్ ఫిల్మ్ వేయించుకోవచ్చా?
— మాదాపూర్

జవాబు: కూడదు. బ్లాక్ ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే చెప్పింది, మీ కారు వయసు దానికి అడ్డం రాదు.

ప్రశ్న: కొత్త కార్లకు గ్లాస్ అతికించే పాలీయురేథేన్ గమ్‌తోనే నా అంబాసిడర్‌కూ అతికిస్తే ఈ బీడింగ్ బెడద ఉండదంటున్నారు. నిజమేనా?
— టెస్టింగ్ ఇంజినీర్, రాయదుర్గం

జవాబు: అతికించే గ్లాస్‌కు తగ్గట్టు కొత్త కార్ల బాడీని ముందే గీస్తారు. మీ కారు బాడీ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కొంచెం మెలికపడుతుంది, ఆ మెలికను మింగడానికే రబ్బరు. గమ్ వేసి బిగిస్తే ఆ ఒత్తిడంతా గ్లాస్ మీదికి వస్తుంది. పైగా రేపు తుప్పు చూడాలంటే గ్లాస్ క్షేమంగా ఊడదు. చేయించకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో అంబాసిడర్ బీడింగ్ తెప్పించాను. మూలల్లో ముడతలు పడుతోంది. లాగి బిగిస్తే సరిపోతుందా?
— కూకట్‌పల్లి

జవాబు: లాగిన రబ్బరు కొన్నాళ్లకు మళ్లీ కుంచించుకుపోయి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. మీకు కావలసింది కొంచెం పొడవు ఎక్కువగా కోసి, అదిమి కూర్చోబెట్టిన రబ్బరు. మూలల్లో ముడత అంటే గాడి వెడల్పు గానీ రేకు మందం గానీ కలవలేదన్నమాట. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికేవి చాలావరకు ఎవరెవరో పోసిన రబ్బర్లే. పాత బీడింగ్‌లో ఓ ముక్క కోసుకుని రాణిగంజ్‌లోని విడిభాగాల దుకాణాలకు వెళ్లండి. రెండింటి కోతలు పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తదాన్ని రెండు మడతలు పెట్టి గట్టిగా నొక్కండి, మడత మీద సన్నని పగుళ్లు కనబడితే అక్కడే వదిలి రండి. ఇంట్లో కూర్చుని తెప్పించుకుంటే ఈ చేతి పరీక్ష కుదరదు.

ప్రశ్న: 1970 ఫియట్ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడేళ్లుగా ప్లాస్టిక్ కవర్ కింద ఉంది. వెనక బీడింగ్ పగుళ్లిచ్చింది. తీసేయమని అసోసియేషన్ ఒత్తిడి. బాగుచేయించనా, తూకానికి ఇచ్చేయనా?
— నానక్‌రాంగూడ

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికే మీ కారుకు 28 ఏళ్లు. మీరుంటున్న చోట అప్పటికి రాళ్లూ తుప్పలే. నిజాం కోసం చేసిన 1912 రోల్స్ రాయిస్‌ను చూడటానికి టికెట్ కొనుక్కుని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తాం. మీ ఇంటి చరిత్ర మీ కాళ్ల కిందే ఉంటే కవర్ ఎత్తి చూడటానికి మూడేళ్లు పట్టిందా?

ముందు ఆ ప్లాస్టిక్ తీసేయండి. అది సెల్లార్ చెమ్మను పట్టి ఉంచుతుంది, గాలి ఆడే నూలు గుడ్డ మేలు. మీ కారు యాభై ఏళ్లు దాటింది. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే 2021 నాటి కేంద్ర నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే అప్పుడు రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తీయవచ్చు. రోజూ నడపాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి.

అసోసియేషన్ వారికి అడ్డనిపించేది కదలని, దుమ్ము కొట్టుకున్న కారు. అది నెలకు రెండుసార్లు గేటు దాటి వెళ్లొస్తుంటే పిల్లలే వచ్చి చుట్టూ నిలబడతారు. ఈ శనివారం పొద్దున్నే వెనక గ్లాస్ కింది మూలల్లో బీడింగ్‌ను వేలితో కొంచెం ఎత్తి చూడండి. రేకు గట్టిగా తగిలితే ఖర్చు మీరు భయపడేంత ఉండదు. మెత్తగా తగిలితే బీడింగ్ కొనకముందే టింకరింగ్ మనిషిని పిలవండి. ఏది తగిలిందో నాకు రాయండి, బీడింగ్ మందం కూడా కొలిచి రాయండి.