గంట కొట్టినప్పుడల్లా ఒక ఫోటో

ఇంట్లో ఒక మామూలు రోజంతా గంటకో ఫోటో తీయాలంటే, ముందుగా ఏ రోజు తీయాలో చూసుకోవాలి. పుట్టినరోజు, వ్రతం, చుట్టాల రాక ఉన్న శనివారం పనికిరాదు. ఆ రోజు ఫోటోలు ఎలాగూ తీస్తారు. మేం రెండో శనివారం పెట్టుకున్నాం. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు గనక మా ఆయన ఇంట్లో ఉంటారు. అత్తయ్యగారికి శనివారం ఒంటిపూట, రాత్రికి ఉప్మాయో అట్టో. నీచు వండం. పిల్లలకు తలంటు. విశేషమేమీ లేకపోయినా ఆదివారమని పొరబడడానికి వీల్లేని రోజు.

పద్ధతి చిన్నదే. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకో అలారం పెట్టుకోవాలి. అది మోగగానే ఎదురుగా ఏది జరుగుతుంటే అది తీయాలి. మొత్తం 16 ఫోటోలు. 'ఇంకో నిమిషం ఆగితే పూరీ పొంగుతుంది కదా' అనిపిస్తుంది. ఆగకూడదు. ఎంపిక గడియారానికి వదిలేస్తేనే, మనం రోజూ చూస్తూ పట్టించుకోనివన్నీ ఫోటోలో పడతాయి. 1981 మార్చి 6న రిక్ స్మోలన్ అనే ఫోటోగ్రాఫర్ వందమందిని పోగేసి ఆస్ట్రేలియాను ఒక్క రోజులో తీయించాడు. ఇంటికి అంత బలగం అక్కర్లేదు.

లెన్సును ముందురోజు రాత్రే మెత్తటి పాత పంచె గుడ్డతో తుడిచి పెట్టుకోండి. వంటింట్లో తిరిగే ఫోనుకు నూనె వేలిముద్ర తప్పదు. ఫోటోలో దీపం చుట్టూ పొగలా కనిపించేది అదే. ఫ్లాష్ ఆపేయండి. ఫోను ప్రతిసారీ అడ్డంగానే పట్టుకోండి, లేకపోతే తర్వాత ఆల్బమ్‌లో సర్దడం చికాకు. ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి. చెప్పకపోతే కోపం, చెబితే చీర మార్చుకొస్తారు. చెప్పడమే మేలు.

"అయ్యో, ఈ నలిగిన చీరలోనా? ఉండమ్మా, వస్తా" అని అత్తయ్యగారు లేవబోయారు. "వద్దత్తయ్యా, ఇడ్లీ రేకులే తీస్తున్నా" అన్నాను. నిజంగానే రేకులూ ఆవిడ చేతులూ మాత్రమే పడ్డాయి. పదింటికల్లా ఆవిడ నన్ను లెక్కచేయడం మానేశారు, అసలు ఫోటోలు అప్పుడు మొదలయ్యాయి.

పొద్దుటి వెలుగుతో పేచీ లేదు. ఎండ ముదిరాక కిటికీ ముందు కూర్చున్న మనిషి నల్లగా పడతాడు. తెర మీద ముఖాన్ని వేలితో తాకితే కొంత సర్దుకుంటుంది. మనమే కిటికీ వైపు వెళ్లి నిలబడితే పూర్తిగా సర్దుకుంటుంది. రాత్రి ట్యూబ్‌లైటు కింద చారలు వస్తే ఫోను పాడైందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాంతో ఆ వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/100 గానీ 1/50 గానీ పెడితే చారలు పోతాయి. 1/50లో పరిగెత్తే పిల్లలు అలుక్కుపోతారు, హోంవర్కు దగ్గర కూర్చోనివ్వండి.

కష్టమంతా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా. ఏమీ జరగదు. విసుగేసి వదిలేసేది ఇక్కడే. ఆ ఏమీ జరగకపోవడాన్నే తీయండి. గుమ్మం దగ్గర చెప్పులు చూస్తే ఇంట్లో ఎవరున్నారో తెలుస్తుంది. దండెం మీద యూనిఫాం, క్యాలెండర్‌లో పాల లెక్క, మంచం మీంచి జారిన పేపరు, దాని మీద కళ్లజోడు. ఇంకో సంగతి, తీసేవాళ్లు ఏ ఫోటోలోనూ ఉండరు గనక ఒకటి రెండు గంటలు వేరేవాళ్లకు అప్పగించాలి. మూడింటిది మా చిన్నదానికిచ్చాను. దాని ఎత్తు నుంచి మా ఇల్లంటే డైనింగ్ టేబుల్ అడుగుభాగం, నా మోకాళ్లు. బల్లకింద అంటించిన చూయింగ్‌గమ్ సంగతి అలా బయటపడింది.

సాయంత్రం రైతు బజారుకు వెళ్తే ధరల బోర్డు పడేలా తీయండి. 1999లో మొదలైన ఈ బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడతారు. సంచితో మా ఆయన, వెనక టమాటా ధర. కొన్నేళ్లు పోయాక అందరి కళ్లూ ఆయన్ని దాటి ఆ ధర మీదే పడతాయని నా పందెం. అమ్మేవాళ్లు కూడా పడేట్టుంటే అడిగి తీయాలి.

పడుకోబోయే ముందు ఒక్కో ఫోటోకు ఒక్కో వాక్యం రాసేయండి, ఎవరు ఏమన్నారో తెల్లారితే గుర్తుండదు. చుట్టాలకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, తీసిన సమయం వివరాలూ ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింట్లకు 4×6 సైజు, మ్యాట్ చాలు. వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీత తేలుతుంది, రాసేదేదో ఆల్బమ్ పేజీ మీద రాయండి. జిగురు పేజీల ఆల్బమ్ కొనకండి, ఏళ్ల తరబడి ఉంటే ఫోటోలు ఊడిరావు.

ఎవరైనా "నాది తీసెయ్" అంటే మారుమాట లేకుండా తీసేయాలి. కానీ ఆ గంటకు వేరే ఫోటో వెతకొద్దు. మా ఆల్బమ్‌లో ఒక అర ఖాళీగానే ఉంది. దాని కింద రాశాను: "రాత్రి ఏడు. అత్తయ్య వద్దన్నారు."